తినని బుక్క ఖరీదు ఎవరు కడుతున్నారు?

పిల్లలు అన్నం తినకపోవడం గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అది ఆదివారం అనుబంధాల్లో శిశుపోషణ శీర్షిక కింద రావలసిన విషయమని అనుకోవచ్చు. కానీ మన ఊళ్లలో ఒక స్త్రీని తల్లిగా తూకం వేసే రాళ్లలో మొదటిది ఆమె బిడ్డ తినే తిండే. "పోరడు బక్కగయిండు, తల్లి సరిగ చూస్తలేదు" అనే మాట చుట్టాలైనా, పక్కింటివాళ్లయినా, ఆస్పత్రిలో నర్సయినా తేలిగ్గా అనేస్తారు. ఆ మాటకు తండ్రి జవాబు చెప్పుకోవలసిన అవసరం ఉండదు. ఏ విషయంలో స్త్రీ ఒక్కతే ముద్దాయిగా నిలబడుతుందో అది మన పత్రికకు సంబంధించిన విషయమే.

ముందుగా ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. రెండేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు కొత్త తిండిని చూసి మొహం తిప్పుకుంటారు. అది ఎదుగుదలలో ఒక దశ. ఐదారేళ్లకు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఇక్కడ చెబుతున్నది ఆ మారాం గురించి కాదు. నాలుగైదు వస్తువులు తప్ప మరేదీ నోట పెట్టని బిడ్డ గురించి. పెరుగన్నం తింటాడు, అందులో ఒక కరివేపాకు కనబడితే పళ్లెం తోసేస్తాడు. ఒక రకం బిస్కెట్టే తింటాడు, అది విరిగి ఉంటే ముట్టడు. పప్పు మెత్తదనం నాలుకకు తగలగానే వాంతి చేసుకుంటాడు. "ఆకలైతే వాడే తింటడు" అని వదిలేస్తే పొద్దంతా కడుపు మాడ్చుకుంటాడు తప్ప తినడు. ఇది మొండితనం కాదు. కొందరు పిల్లలకు వాసన, రంగు, మెత్తదనం, కరకరలాడే చప్పుడు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తెలుస్తాయి. ఒకసారి గొంతుకు అడ్డం పడిన భయంతో తినడం మానేసేవాళ్లు కొందరు. అసలు ఆకలే పెద్దగా తెలియనివాళ్లు కొందరు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పులో దీనిని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించింది. దానిని పొట్టిగా 'ఆర్ఫిడ్' అంటారు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో కూడా దానికి చోటు దొరికింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ లక్షణం మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఆటిజం లేని పిల్లల్లోనూ ఉంటుంది.

వైద్యశాస్త్రంలో ఈ పేరు రాకముందు ఆ ఖాళీలో తల్లి పేరు ఉండేది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజం గురించి మొదటి వ్యాసం రాసినప్పుడు, తాను చూసిన పదకొండు మంది పిల్లల్లో చాలామందికి పసితనం నుంచే తిండి దగ్గర ఇబ్బంది ఉందని గమనించాడు. ఆ వ్యాసంలోనే తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. తరువాత బ్రూనో బెటల్‌హైమ్ 1967లో వెలువరించిన పుస్తకంతో, తల్లి మనసు గడ్డకట్టుకుపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడనే వాదం ప్రపంచమంతా పాకింది. అంతకు మూడేళ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ సమస్య మూలాలు శరీరంలో ఉన్నాయని వాదించాడు. ఆయన స్వయంగా అటువంటి బిడ్డకు తండ్రి. అయినా తల్లులపై పడిన నింద చెరగడానికి దశాబ్దాలు పట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007లో పుట్టిన కవల పిల్లలను పదహారు నెలల వయసు నుంచి పదమూడేళ్ల దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2024లో వెలువడింది. తిండి విషయంలో పిల్లల మధ్య కనిపించే తేడాలలో పదహారు నెలల వయసులో సుమారు 60 శాతం, మూడేళ్లు దాటాక 74 శాతానికి పైగా జన్యువుల వల్ల వచ్చేవేనని అది తేల్చింది. అంటే తల్లి వండిన తీరు, తినిపించిన తీరు ఇందులో చిన్న భాగం మాత్రమే.

శాస్త్రం మాట మార్చుకుంది. సంస్కృతి మాత్రం మార్చుకోలేదు. మన పాటల్లో, కథల్లో, సినిమాల్లో గోరుముద్దలు తినిపించే తల్లిని ఎంత ఎత్తున కూర్చోబెట్టామంటే, ముద్దను వద్దన్న బిడ్డ తల్లినే వద్దన్నట్టు లెక్క. ప్రభుత్వాలకు కూడా ఈ బొమ్మ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో బడి భోజనానికి 'గోరుముద్ద' అని పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పథకం అన్నదాతగా పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరుకు మారింది. పేర్లు మారినా అన్నం పెట్టే చేయి ఆడదే. ఆ చేతికి కూలి ఎంత, తీరిక ఎంత అన్న ప్రశ్న మాత్రం ఏ పేరులోనూ లేదు.

ఆ ప్రశ్న వేయడానికి మేడిపల్లి లాంటి చోటు తగినది. 2016లో పాత కరీంనగర్ జిల్లా ముక్కలయ్యాక మేడిపల్లి జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ వైపు వెళ్లినా ఇంటి అరుగు మీద ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనబడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క. ఒక్కొక్క బీడీకి ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, మూతి మలచాలి, దారం కట్టాలి. నెలజీతం లేని ఈ పనిలో ప్రతి నిమిషానికీ వెల ఉంది. బిడ్డ ముందు పళ్లెం పెట్టుకుని గంటసేపు బతిమాలితే, ఆ గంటలో చుట్టని బీడీల కూలి పోయినట్టే. పైగా తంబాకు అంటిన చేతిని ఎంత కడిగినా వాసన ఒక పట్టాన పోదు. వాసనలకు బెదిరే బిడ్డ ఆ చేతి ముద్దను వద్దంటే ఆశ్చర్యమేముంది? కానీ ఇంట్లో ఎవరూ ఆ చేతిని, ఆ పనిని చూడరు. తల్లికి ఓపిక లేదంటారు.

ఈ ప్రాంతంలో మరో సంగతి ఉంది. ఎన్నో ఇళ్లలో మగవాళ్లు దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. రాత్రి వీడియో కాల్‌లో బిడ్డ మొహం చూసి "గిట్ల గుంజుకపోయిండేంది? నేను పంపే పైసలు ఏం జేస్తున్నవు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, దూరాన ఉన్నవాడి బెంగ ఉంది. దానితోపాటు విచారణ కూడా ఉంది. పక్కనే ఉన్న అత్తగారు సాక్ష్యం చెబుతుంది. "మా పిల్లలు గటక పోసినా తిన్నరు, గిప్పటోళ్లకు పెంచుడు రాదు" అంటుంది. మొదట దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. తరువాత ముక్కు మూసి నోట్లో కుక్కమంటారు. దెబ్బ వేయమంటారు. తల్లి బిడ్డను కొడుతుంది. తరువాత తాను ఏడుస్తుంది. బలవంతంగా కుక్కినప్పుడు ముద్ద గొంతుకు అడ్డం పడితే ప్రాణానికే ప్రమాదం. అంతవరకు రాకపోయినా, ఆ బిడ్డకు తిండి పళ్లెం అంటేనే భయం పట్టుకుంటుంది. ఇంట్లో హింస ఎటు నుంచి ఎటు ప్రవహిస్తుందో చూడాలనుకుంటే ఈ పళ్లెం దగ్గర కూర్చోవాలి.

ఇక్కడ మన కార్యకర్తల నుంచే వచ్చే ఒక అభ్యంతరం ఉంది. పేదింట్లో పిల్లలకు తిండి చాలడం లేదు కదా, ఏరుకుని తినే పిల్లలు ఉన్నవాళ్ల ఇళ్ల సమస్య కదా అని. అభ్యంతరం సగం నిజం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి ఉంది. ఇది ప్రధానంగా పేదరికం కథే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, పేదల పళ్లెంలోకి తిండిగింజలు తప్ప పాలు, గుడ్లు, మాంసం రాకపోవడాన్ని ఏళ్ల తరబడి ప్రశ్నించారు. కానీ తిండి వద్దనే పిల్లలు పేదల ఇళ్లలో పుట్టరని అనుకోవడం తప్పు. పేదింట్లో అటువంటి బిడ్డ కనబడకపోవడానికి కారణం వేరు. అక్కడ ఆ బిడ్డను 'బరువు తక్కువ' అని రాసుకుంటారు. ఇంట్లో తిండి లేక తినని బిడ్డకూ, తిండి ఉండి తినలేని బిడ్డకూ ఆ పట్టికలో తేడా తెలియదు. ఇద్దరి తల్లులకూ 'అవగాహన' కల్పిస్తారు.

ఈ 'అవగాహన'లో ఏముంటుందో చూద్దాం. కొత్త కూరను ఎనిమిది నుంచి పదిహేను సార్లు పళ్లెంలో పెడితే గానీ బిడ్డ దాన్ని ఒప్పుకోడని పరిశోధనలు చెబుతున్నాయి. మామూలు పిల్లల విషయంలో ఇది మంచి సలహానే. కానీ కెయిట్లిన్ డేనియల్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో తల్లిదండ్రులతో మాట్లాడి, 2016లో ప్రచురించిన వ్యాసంలో ఒక మామూలు నిజాన్ని బయటపెట్టారు. డబ్బున్న ఇంట్లో బిడ్డ కూరను పదిసార్లు పారేస్తే పదిసార్లు భరించగలరు. డబ్బు లేని ఇంట్లో పారేసే తిండిని భరించలేరు కాబట్టి బిడ్డ తప్పకుండా తినేదాన్నే కొంటారు. బెండకాయ కూర పదిసార్లు చెత్తలోకి పోవడం కంటే, బిడ్డ కడుపులోకి తప్పకుండా వెళ్లే ఐదు రూపాయల ప్యాకెట్ ఆ తల్లికి తెలివైన లెక్క. ఆమెకు జ్ఞానం లేక కాదు, లెక్క తెలిసే ఆ పని చేస్తుంది. మేడిపల్లిలోనైనా, బోస్టన్‌లోనైనా వద్దనే హక్కుకు ఒక ఖరీదు ఉంది. ఆ ఖరీదును ఇప్పుడు తల్లి ఒక్కతే కడుతోంది, డబ్బుతోనూ సమయంతోనూ నిందతోనూ.

1920, 30లలో క్లారా డేవిస్ అనే అమెరికన్ వైద్యురాలు పాలు మానిన పదిహేనుమంది పసిపిల్లలను తమకు కావలసింది తామే ఏరుకుని తినమని వదిలేసింది. పిల్లలంతా చక్కగా పెరిగారు. పిల్లల ఇష్టానికి వదిలేస్తే చాలని చాలామంది ఆ ప్రయోగాన్ని చెబుతుంటారు. ఆమె ఆ పిల్లల కోసం 34 రకాల మంచి ఆహారాలను సిద్ధం చేసి పెట్టిందని మాత్రం మరచిపోతారు. ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలంటే ముందు ఎంచుకోవడానికి ఏదో ఉండాలి. ఆ 34 రకాలు ఎవరు కొంటారు, ఎవరు వండుతారు?

మరొక విషయం మగపిల్లవాడికీ ఆడపిల్లకీ మధ్య తేడా. తినని మగపిల్లవాడి కోసం ఇల్లంతా తిరుగుతుంది. వాడి కోసం విడిగా వండుతారు, డాక్టరు దగ్గరకు తీసుకుపోతారు. అదే ఆడపిల్ల అయితే "గింత నాలుకా? రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతది?" అంటారు. ఏది పెడితే అది తినడం, అందరూ తిన్నాక తినడం, మిగిలింది తినడం మనం ఆడపిల్లకు చాలా చిన్నప్పుడే నేర్పిస్తాం. ఆ నేర్పుడులో నిజమైన ఇబ్బంది ఉన్న ఆడపిల్ల కనుమరుగైపోతుంది. మౌనంగా తక్కువ తింటూ పెరుగుతుంది. అందుకే సమస్యతో వచ్చిన మగపిల్లల సంఖ్య చూసి ఆడపిల్లలకు ఇది లేదనుకోకూడదు.

ఇక శ్రమ లెక్కకు వద్దాం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పిల్లలు, ముసలివాళ్ల ఆలనాపాలనా చేసే స్త్రీలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు. ఈ లెక్కలో కూడా పట్టుబడని పని ఒకటుంది. ఈ బిడ్డ ఏం తింటాడో నిద్రలో కూడా గుర్తుపెట్టుకోవడం, పెళ్లికి పోతే డబ్బాలో విడిగా అన్నం కట్టుకుపోవడం, అక్కడ నలుగురి చూపులకూ జవాబు చెప్పుకోవడం. ఈ పనికి ఇంకా మన భాషలో పేరే లేదు.

రాజ్యం ఏం చేస్తోంది? చట్టం దృష్టిలో ఈ బిడ్డకు హక్కు ఉంది. 2001లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఇచ్చిన ఆదేశాల తరువాత, 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా 'వయసుకు తగిన భోజనం' ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. తెలంగాణలో మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, పదహారు గుడ్లు ఇంటికి ఇస్తారు. మూడేళ్లు దాటితే కేంద్రంలోనే భోజనం, గుడ్డు. ఇది చిన్న విషయం కాదు, పోరాడి సాధించుకున్నది. కానీ బాలామృతం ఒకటే రుచి, ఒకటే పిండి. దాన్ని నోట పెట్టలేని బిడ్డకు రెండో దారి లేదు. ప్యాకెట్ ఇచ్చినట్టు సంతకం ఉంటుంది. బిడ్డ తిన్నదా లేదా అన్న గడి ఉండదు. పసిపిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు రావాలి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. కాగితం మీద దారి ఉంది. ఆ దారిన బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయే రోజున తల్లి కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

బీడీ కార్మికుల కోసం 1966లో చేసిన చట్టం బీడీ ఖార్ఖానాల్లో ఆరేళ్ల లోపు పిల్లలకు శిశుసంరక్షణ కేంద్రం పెట్టాలంది. పని ఇళ్లకు తరలిపోయాక ఆ మాటకు అర్థం లేకుండా పోయింది. యజమాని ఖార్ఖానాను కార్మికురాలి ఇంట్లో పెట్టాడు, శిశుసంరక్షణ ఖర్చును కూడా అక్కడే వదిలేశాడు. 1976 చట్టాల కింద బీడీల మీద వసూలు చేసిన సంక్షేమ సుంకం 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది. ఇలా ఇంటి గడప లోపల జరిగే రెండు పనులూ, బీడీ చుట్టడమూ బిడ్డను పెంచడమూ, ఎవరి బాధ్యతా కాకుండా ఆమె ఒక్కదాని మీద పడ్డాయి.

రేపు ఒక తల్లి మన సంఘానికి వచ్చి "పోరడు ఏం తింటలేడు" అంటే మనం ఏం చెప్పాలి? మొదట "నీ తప్పు కాదు" అని చెప్పాలి. ఆ మాట ఆమె ఎక్కడా విని ఉండదు. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980లలో చెప్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ ఇష్టం. బలవంతం, బెదిరింపు, లంచం మూడూ మానాలి. పళ్లెంలో బిడ్డ ఒప్పుకున్న వస్తువు ఒకటి ఎప్పుడూ ఉండాలి. కొత్తది దాని పక్కన చిటికెడు మాత్రమే, కలపకుండా. ఇంట్లోవాళ్లకు వండిన దాంట్లోంచి తీస్తే విడిగా వండే పనీ, పారేసే ఖర్చూ ఉండవు. ముట్టుకున్నా, వాసన చూసినా అది ముందడుగే. చేతిముద్ద వద్దంటే చెంచా ఇవ్వాలి, తననే తిననివ్వాలి. తండ్రి, తాత, అన్న ఎవరైనా పక్కన కూర్చోవచ్చు. అది తల్లి ఒక్కదాని పని కాదు. ఒప్పుకున్న నాలుగు వస్తువులనూ లాక్కోకూడదు. ఇష్టమైన దాంట్లో గుడ్డు దాచి మోసం చేస్తే ఉన్న ఒక్కటీ మానేసే ప్రమాదం ఉంది.

అయితే కొన్ని గుర్తులు కనబడితే ఓపిక పట్టకూడదు. బరువు పెరగకపోవడం లేదా తగ్గడం, తినే వస్తువులు నెలనెలకూ తగ్గిపోవడం, మింగేటప్పుడు పొలమారడం, నొప్పితో ఏడవడం, మాట ఆలస్యం కావడం, పిలిస్తే పలకకపోవడం. వీటిలో ఏది ఉన్నా వైద్యులకు చూపించాలి. అక్కడికి తల్లితోపాటు కార్యకర్త కూడా వెళ్లడం మంచిది. ఎందుకంటే అక్కడ కూడా తల్లిని కసురుకునే అవకాశం ఉంది.

ఒక్కొక్క తల్లికి ఓదార్పు ఇచ్చి ఊరుకుంటే మన పని పూర్తికాదు. ఇళ్లలో పనిచేసే కార్మికురాళ్ల ఊళ్లలో, వాళ్ల పనివేళలకు తగ్గట్టు శిశుసంరక్షణ కేంద్రాలు కావాలి. దాని ఖర్చులో యజమాని వాటా ఉండాలి. అంగన్‌వాడీ రికార్డులో బిడ్డ బరువుతోపాటు ఏం తింటున్నాడు, ఏం తినలేకపోతున్నాడు అన్న గడి ఉండాలి. బాలామృతం తినలేని బిడ్డకు బదులు ఆహారం ఇచ్చే అధికారం టీచరుకు ఉండాలి. అయితే ఈ పనంతా గౌరవ వేతనం మీద పనిచేసే మరో స్త్రీ నెత్తిన ఊరికే మోపకూడదు. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ ఉద్యోగులు సమ్మె చేసింది ఇటువంటి మోతబరువు గురించీ, తగిన జీతం గురించే. జిల్లా కేంద్రానికి చికిత్సకు పోయే తల్లికి ప్రయాణ ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వాలి. 'మంచి తల్లి' బొమ్మలతో నిండిన శిక్షణ పుస్తకాలను పక్కన పెట్టి, తండ్రులను కూడా కూర్చోబెట్టి మాట్లాడే శిక్షణ తయారు చేసుకోవాలి.

పదిసార్లు పెట్టి చూడమని తల్లికి చెప్పే సమాజం, ఆ పదిసార్లకూ అయ్యే ఖర్చులో తన వాటా తాను కట్టాలి. అంగన్‌వాడీ పళ్లెంలో మిగిలిపోయిన కూర ఒక పేద తల్లి మీద పడని నష్టం. ఆ నష్టాన్ని ప్రజాధనం భరించాలని అడగడం దుబారా కాదు. బిడ్డకు వద్దనే హక్కు, తల్లికి నింద లేని బతుకు రెండూ అక్కడే మొదలవుతాయి.